నిచ్చెన దిగని మాస్కు: కరోనా కాలంలో రక్షణ పరికరాలు, కులం

2020 మే మొదటి వారంలో వనస్థలిపురం చుట్టుపక్కల ఎనిమిది కాలనీలను కంటైన్‌మెంట్ జోన్లుగా ప్రకటించారు. గల్లీ మొగదల కర్రలు కట్టారు, బ్యారికేడ్లు పెట్టారు, పోలీసులు కూర్చున్నారు. లోపలి వాళ్ళు బయటికి రావద్దు, బయటి వాళ్ళు లోపలికి పోవద్దు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎప్పుడూ కిటకిటలాడే రోడ్డు బోసిపోయింది. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి. అయితే ఆ కర్రలు దాటి రోజూ పొద్దున్నే లోపలికి పోయి రావాల్సిన మనుషులు కొందరున్నారు. చీపురు పట్టుకున్న ఆడవాళ్ళు, చెత్త ఆటో తోలేవాళ్ళు, మందు చల్లేవాళ్ళు, రిజిస్టరు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు. "ఎవరూ పోవద్దు" అన్నప్పుడు ఆ "ఎవరూ"లో వీళ్ళు లేరు.

సరూర్‌నగర్‌లో రోడ్లు ఊడ్చే మా అమ్మ కూడా ఈ మనుషుల్లో ఒకతి. ఆమె కాంట్రాక్టు కూలి. ఆ నెలలో ఒకరోజు సూపర్‌వైజర్ అందర్నీ వరసగా నిలబెట్టి తలా ఒక గుడ్డ మాస్కు, ఒక జత గ్లౌజులు ఇచ్చాడు. వేసుకోమన్నాడు, ఫొటో తీశాడు. గ్లౌజులు మగవాళ్ళ చేతుల కొలత. నాలుగు రోజులకే వేళ్ళ దగ్గర చినిగినయ్. మళ్ళీ అడిగితే "మొన్ననే ఇచ్చిన కదా, ఫొటో ఉంది" అన్నాడట. మా అమ్మ నాతో అన్న మాట ఇది: "వాడు ఫొటో దిగనీకి ఇచ్చిండు బిడ్డా, ఏసుకోనీకి కాదు." యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని, చరిత్ర పరిశోధన చేస్తున్నదాన్ని. రక్షణ పరికరాల గురించి నేను తర్వాత చదివిన ఉత్తర్వులు, కోర్టు తీర్పులు, మార్గదర్శకాలు ఏవీ ఈ ఒక్క మాట చెప్పినంత సూటిగా విషయం చెప్పలేదు.

అయితే ఈ వ్యాసం మా అమ్మ కథ చెప్పడానికి రాస్తున్నది కాదు. కరోనా కాలంలో మాస్కులు, గ్లౌజులు, పీపీఈ కిట్లు చాలలేదని అందరికీ తెలుసు. దాన్ని సరుకు కొరతగా, ప్రభుత్వాల చేతగానితనంగా చెప్పుకున్నాం. అది నిజమే కాని సగం నిజం. కొరత వచ్చినప్పుడు ఉన్న కాసిన్ని సరుకులు ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గరికి వచ్చేసరికి అయిపోయాయి అన్నది రెండో సగం. ఆ వరసను కరోనా పుట్టించలేదు. అది మన సమాజంలో ముందునుంచీ ఉన్న నిచ్చెనమెట్ల వరస. అంతేకాదు, కింది మెట్టు మీది మనిషి నోరు తెరిచి మాస్కు అడిగితే, ఆ అడగడమే తప్పయింది. ఈ రెండు విషయాలను తెలుగు నేల మీద జరిగిన ఘటనల ఆధారంగా చర్చకు పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనిషినే తొడుగు చేసిన చరిత్ర

రక్షణ తొడుగు కొత్త వస్తువు అనుకుంటాం. మన ఊళ్ళ చరిత్ర చూస్తే అది చాలా పాతది. చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చింది ఎవరు? కాటికి కట్టెలు మోసింది, గుంత తవ్వింది, చావు కబురు పట్టుకొని పక్క ఊరికి నడిచింది ఎవరు? వెట్టి మాదిగలు, బేగరోళ్ళు, మాలలు. పట్టణాల్లో పాయిఖానాలు ఎత్తింది మెహతర్లు, కోస్తాలో రెల్లివాళ్ళు. ఊరు మనల్ని అంటరానివాళ్ళని దూరం పెట్టింది. కాని రోగం, మలం, చావు తన మీద పడకుండా మధ్యలో మనల్నే నిలబెట్టింది. అంటే తొడుగు అప్పుడూ ఉంది. ఆ తొడుగు మన ఒళ్ళే. మనిషినే తొడుగుగా వాడుకునే అలవాటున్న సమాజానికి, ఆ మనిషికి మళ్ళీ ఒక తొడుగు కావాలన్న ఆలోచన అంత తొందరగా రాదు.

మహమ్మారుల చరిత్రలో దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఈ దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది బొంబాయి నగరంలో ఇన్‌ఫ్లుయెంజా చావులను కులాలవారీగా, మతాలవారీగా లెక్కకట్టారు. యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది, సవర్ణ హిందువుల్లో వెయ్యికి 18.9 మంది, వలస ప్రభుత్వం "తక్కువ కులాలు" అని రాసుకున్నవాళ్ళలో వెయ్యికి 61.6 మంది. రోగక్రిమికి కులం తెలియదు. కాని ఇరుకు గుడిసెకు, అరకడుపు తిండికి, చేసే పనికి కులం ఉంది. రోగం ఆ దారిలోనే నడిచింది. అంతకు ముందు 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే రోగులను స్వయంగా మోసుకొచ్చి వైద్యం చేయించింది. దళితవాడ పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చినప్పుడు ఆమెకూ ప్లేగు అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. ఆమెకు అడ్డంగా ఏ తొడుగూ లేదు.

హైదరాబాద్ సంగతి చూద్దాం. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు. నగర చరిత్రలు ఈ రెండింటి తర్వాత వచ్చిన రోడ్లను, బోర్డులను, జలాశయాలను గొప్పగా రాస్తాయి. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ను మన ముసలోళ్ళు కోరంటి దవాఖాన అనేవాళ్ళు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో కోరంటి అయింది. రోగులను ఊరికి దూరంగా పెట్టిన ఆ దవాఖాన సంగతి చరిత్రలో ఉంది. వరద తర్వాత బురద, శవాలు ఎత్తినవాళ్ళు, ప్లేగు వార్డుల్లో గచ్చు కడిగినవాళ్ళు ఆ పేజీల్లో కనపడరు. ఆ 1911లోనే ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ మన్యసంఘం పెట్టి, మేము ఈ నేల తొలి మనుషులం అని చెప్పడం మొదలుపెట్టాడు. నగరం తనను బాగుచేసుకుంటున్న కాలమూ, మనం మన పేరు మనం చెప్పుకోవడం మొదలుపెట్టిన కాలమూ ఒకటే. రెండింటినీ కలిపి రాసిన చరిత్ర మనకు ఇంకా కావాల్సే ఉంది.

మాస్కుకు కూడా ఒక చరిత్ర ఉంది, అది మనకు పనికొస్తుంది. 1910 చివర్లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. పెనాంగ్‌లో పుట్టిన చైనీస్ డాక్టర్ వు లియెన్-తే అక్కడికి పోయి, ఈ రోగం గాలి ద్వారా, దగ్గు ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతున్నదని చెప్పాడు. పల్చటి గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి మాస్కు చేయించి అందరూ కట్టుకోవాలన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టర్ ఒక చైనావాడు నాకు చెప్పేదేంటని ఆయన్ని అవమానించాడు. మాస్కు లేకుండా రోగుల దగ్గరికి పోయాడు. 1911 జనవరిలో, కొద్దిరోజుల్లోనే ఆ ప్లేగుతోనే చనిపోయాడు. మాస్కు పనిచేస్తుందా లేదా అన్నది అక్కడ మొదటి ప్రశ్న కాలేదు. చెప్తున్నది ఎవరు అన్నదే మొదటి ప్రశ్న అయింది. నూటపదేళ్ళ తర్వాత మన దగ్గర కూడా ఆ ప్రశ్నే మళ్ళీ వచ్చింది. దాని దగ్గరికి వచ్చేముందు 2020లో సరుకు ఎట్లా దిగిందో చూడాలి.

కాగితం మీద అందరూ ఉన్నారు

2020 ఫిబ్రవరి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్షణ పరికరాల వాడకం మీద ఒక మార్గదర్శకం విడుదల చేసింది. అందులో రోగి గదిని శుభ్రం చేసే కార్మికుల పేరు కూడా ఉంది. వాళ్ళకు మాస్కు, గౌను, మందపాటి గ్లౌజులు, బూట్లు ఉండాలని, మురికి చిందే చోట కళ్ళకు కూడా అడ్డం ఉండాలని రాశారు. మార్చి 24న మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఒక మార్గదర్శకం తెచ్చింది. ఎవరికి ఎంత ప్రమాదమో, దాన్నిబట్టి ఎవరికి ఏ పరికరమో అందులో పట్టిక వేశారు. పూర్తి కిట్టు అంటే కళ్ళద్దాలు, ముఖానికి షీల్డు, ఎన్-95 మాస్కు, గ్లౌజులు, ఒళ్ళంతా కప్పే సూటు, తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు. ఇల్లిల్లూ తిరిగే ఆశాలకు రాసింది మూడు పొరల మాస్కు, గ్లౌజులు. వాళ్ళది తక్కువ ప్రమాదమన్నారు.

ప్రమాదాన్నిబట్టి పరికరం అన్నది శాస్త్రమే. దానితో తగువు లేదు. ఎన్-95 ముఖానికి గాలి చొరకుండా అతుక్కుంటేనే పనిచేస్తుంది, గుడ్డ మాస్కు ఆ పని చెయ్యలేదు. రోగి గొంతులో గొట్టం వేసే డాక్టరుకు పూర్తి కిట్టు ముందు ఇవ్వాల్సిందే. ప్రశ్న అది కాదు. ప్రమాదాన్ని కొలిచింది ఎవరు, ఎక్కడ నిలబడి కొలిచారు? దగ్గు, జ్వరం ఉన్న ఇంటి గడప ముందు నిలబడి ముక్కు మీద గుడ్డతో వివరాలు రాసుకునే ఆశా అక్క ప్రమాదం ఎంత? హోం ఐసోలేషన్‌లో ఉన్న ఇంటి చెత్తలో వాడిన మాస్కులు, టిష్యూలు చేత్తో వేరుచేసేవాళ్ళ ప్రమాదం ఎంత? అటువంటి చెత్తను పసుపు సంచుల్లో వేరుగా కట్టి ఇవ్వాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్చిలోనే చెప్పింది. మా గల్లీల్లో చెత్త ఆటోలోకి వచ్చిన సంచుల్లో పసుపు సంచి ఒక్కటి కూడా తను చూడలేదని మా అమ్మ చెప్తుంది. పట్టిక వేసినవాళ్ళ కళ్ళకు వార్డు కనపడింది కాని గల్లీ కనపడలేదు.

సుప్రీంకోర్టులో కూడా ఈ తేడా కనపడుతుంది. ఏప్రిల్ 8న డాక్టర్లకు, వైద్య సిబ్బందికి తగిన రక్షణ పరికరాలు ఇవ్వాలని కోర్టు గట్టి ఆదేశం ఇచ్చింది. వారం తర్వాత, ఏప్రిల్ 15న పారిశుధ్య కార్మికుల రక్షణ కోసం వేసిన పిటిషన్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు పాటిస్తున్నామని ప్రభుత్వ వకీలు చెప్పాడు. ఆ మాట తీసుకొని కోర్టు విచారణ ముగించింది. డాక్టర్ల విషయంలో ఆదేశం, మన విషయంలో హామీ.

పరికరాలకు బదులు మనకు దొరికింది గౌరవం. మార్చి 22న చప్పట్లు కొట్టారు, పళ్ళాలు మోగించారు. మే 3న వాయుసేన హెలికాప్టర్లు గాంధీ ఆస్పత్రి మీద పూలు చల్లాయి. చల్లిన పూలను తర్వాత ఊడ్చింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వైద్య సిబ్బందికి జీతంలో 10 శాతం, హైదరాబాద్ నగర పారిశుధ్య కార్మికులకు 7,500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఇది మంచి పనే, కాదనను. కాని ప్రోత్సాహకం దయ. పరికరం హక్కు. దయకు దండం పెట్టాలి, హక్కును అడిగి తీసుకోవచ్చు. పాలకులకు మొదటిదే ఇష్టం. 2019 ఫిబ్రవరిలో కుంభమేళాలో ప్రధానమంత్రి అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగాడు. కాళ్ళు కడగడానికి నీళ్ళు చాలు. ఆ కాళ్ళకు గంబూట్లు కావాలంటే బడ్జెట్ కావాలి.

కార్మికులు ఊరుకోలేదు. 2020 జులైలో గాంధీ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, ఆ వెంటనే నాలుగో తరగతి సిబ్బంది, పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. జీతం పెంచాలని, పని పర్మినెంటు చెయ్యాలని అడిగారు. ఆగస్టు 7, 8 తేదీల్లో దేశమంతటా దాదాపు 6 లక్షల మంది ఆశాలు సమ్మె చేశారు, రక్షణ పరికరాలు వాళ్ళ ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పరికరం అడిగినవాళ్ళే పర్మినెంటు ఉద్యోగం కూడా అడిగారు. ఎందుకంటే మాస్కు ఇవ్వని కాంట్రాక్టరు మీద ఫిర్యాదు చేస్తే రేపటినుంచి పనిలో ఉండం. ఉద్యోగ భద్రత లేనిచోట ప్రాణ భద్రత అడిగే నోరు ఉండదు. 2015 జులైలో హైదరాబాద్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేస్తే జీతం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెరిగింది. ఆ సమ్మె తర్వాతే వందలమందిని పనిలోంచి తీసేశారు కూడా. ఆ రెండు పాఠాలూ మా అమ్మతో పనిచేసేవాళ్ళకు గుర్తున్నాయి.

డాక్టరైనా దళితుడే

పర్మినెంటు ఉద్యోగం, పెద్ద చదువు ఉంటే అడగొచ్చు కదా అంటారు. ఆ మాటకు జవాబు విశాఖ జిల్లాలో దొరుకుతుంది.

డాక్టర్ కె. సుధాకర్ నర్సీపట్నం ప్రభుత్వాస్పత్రిలో మత్తు డాక్టరు. దళితుడు. మత్తు డాక్టరు రోగి గొంతు దగ్గర, ఊపిరి దగ్గర నిలబడి పనిచేస్తాడు. అంటే మార్గదర్శకాల పట్టికలో అందరికన్నా ఎక్కువ ప్రమాదమున్న వరస. 2020 ఏప్రిల్ మొదట్లో ఆయన విలేకరుల ముందు, మాకు సరిపడా ఎన్-95 మాస్కులు, కిట్లు ఇవ్వడం లేదని, ఒకే మాస్కును పదిహేను రోజులు వాడమంటున్నారని చెప్పాడు. ఏప్రిల్ 8న సస్పెండ్ అయ్యాడు. సుప్రీంకోర్టు డాక్టర్లకు పరికరాలు ఇవ్వాలని ఆదేశించింది కూడా సరిగ్గా ఆ రోజే.

ఆ రోజుల్లో మాట్లాడి సస్పెండ్ అయింది ఆయన ఒక్కడే కాదు. చిత్తూరు జిల్లా నగరి మున్సిపల్ కమిషనర్ కూడా ఇదేరకంగా నిధులు లేవని, పరికరాలు లేవని వీడియోలో చెప్పి సస్పెండ్ అయ్యాడు. కాబట్టి నోరు నొక్కడం అందరికీ జరిగింది అనొచ్చు. సస్పెన్షన్ దాకా ఆ మాట నిజమే. ఆ తర్వాత జరిగింది మాత్రం అందరికీ జరగలేదు. మే 16న విశాఖపట్నంలో జాతీయ రహదారి మీద సుధాకర్‌ను పోలీసులు పట్టుకున్నారు. ఒంటి మీద చొక్కా లేదు, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు, రోడ్డు మీద పడేశారు. ఒక కానిస్టేబుల్ లాఠీతో కొట్టాడు. తాగి గొడవ చేస్తున్నాడని పోలీసులు చెప్పారు. అక్కడినుంచి ఆస్పత్రికి, అటునుంచి ప్రభుత్వ మానసిక ఆస్పత్రికి పంపారు. అది జనం ఫోన్లలో రికార్డయింది కాబట్టి రాష్ట్రమంతా చూసింది. లేకపోతే ఒక "పిచ్చి డాక్టరు" కథగా ముగిసేది.

అప్పటికి మాజీ ఎమ్మెల్యేగా ఉన్న వంగలపూడి అనిత రాసిన లేఖను హైకోర్టు విచారణకు తీసుకుంది. జడ్జిని పంపి సుధాకర్ వాంగ్మూలం తీసుకుంది. ప్రభుత్వ నివేదికలో ఒక గాయం ఉంటే జడ్జి నివేదికలో ఆరు గాయాలు ఉన్నాయి. మే 22న హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. జూన్ 5న, హైకోర్టు జోక్యం తర్వాతే ఆయన మానసిక ఆస్పత్రి నుంచి బయటికి రాగలిగాడు. 2021 మే 21న గుండెపోటుతో చనిపోయాడు.

ఇందులో చట్టం సంగతి ఒకటి చెప్పాలి. 2020 ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే తీవ్రతనుబట్టి ఏడేళ్ళ దాకా శిక్ష అన్నది. అది వచ్చిన 24 రోజులకే ఒక ప్రభుత్వ డాక్టరును పోలీసులే నడిరోడ్డు మీద తాళ్ళతో కట్టారు. ఆ ఆర్డినెన్స్ రోగి బంధువుల చేతిని ఊహించింది కాని పోలీసు చేతిని ఊహించలేదు.

మంచూరియా సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సుధాకర్ అడిగింది తప్పా? ఒకే మాస్కు పదిహేను రోజులు వాడొచ్చా? వీటికి జవాబు చెప్పాల్సినచోట, అడిగినవాడు తాగాడా, పిచ్చివాడా, ఏ పార్టీవాడు అన్న చర్చ నడిచింది. అవతల ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. చదువు, డిగ్రీ, తెల్లకోటు దళితుణ్ణి కాపాడే తొడుగు అవుతాయని మన తల్లిదండ్రులు నమ్మి మనల్ని చదివించారు. ఆ కోటుకు అంత బలం లేదని విశాఖ రోడ్డు చెప్పింది. అయినా ఇంకో విషయం కూడా చెప్పింది. డాక్టరు కాబట్టే ఆయన మాట పేపర్లకెక్కింది, కోర్టుకెక్కింది. ఆయన స్థానంలో వార్డు ఊడ్చే మనిషి ఉంటే సస్పెన్షన్ కాగితం కూడా ఉండేది కాదు. రేపటినుంచి రావద్దు అన్న ఒక్క మాటతో అయిపోయేది.

తొడుగు వేస్తే మనిషి మాయమయ్యే చట్టం

రక్షణ పరికరాల గురించి మనం ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించాలి. కిట్లు ఇవ్వండి అని అడగడంతోనే మన రాజకీయం ఆగిపోవద్దు.

2013లో వచ్చిన పాకీపని నిషేధ, పునరావాస చట్టం 1993 చట్టం కన్నా చాలా మెరుగైంది. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ళు సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా ఏళ్ళతరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది. కాని దాని నిర్వచనంలో ఒక వివరణ పెట్టారు. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలతో, రక్షణ తొడుగులతో మలం శుభ్రం చేసే మనిషిని పాకీ కార్మికుడిగా లెక్కించరాదు అని. అంటే గ్లౌజులు, బూట్లు ఇచ్చామని కాగితం మీద రాస్తే చాలు, ఆ మనిషి చట్టం లెక్కలోంచి మాయమవుతాడు. పునరావాసం అడిగే హక్కు కూడా పోతుంది. తొడుగు మనిషిని రోగం నుంచి కాపాడుతుందో లేదో గాని యజమానిని చట్టం నుంచి కాపాడుతుంది. మా అమ్మ చెప్పిన ఫొటోకు, ఈ వివరణకు తేడా లేదు.

కాగితం మీద కూడా తొడుగు లేనిచోట ఏమవుతుందో మాకు దగ్గర్లోనే చూశాం. 2021 ఆగస్టు 3 రాత్రి, కరోనా రెండో ఉధృతి తగ్గుతున్న రోజుల్లో, ఎల్బీనగర్ పక్కన సాహెబ్‌నగర్‌లో మురుగు మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడని గాలి ఉంటుందని, మనిషిని దించరాదని అందరికీ తెలుసు. చట్టంలో నిషేధం ఉంది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఈ నగరంలోనే జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి పోయే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి తెచ్చింది. చట్టం, తీర్పు, యంత్రం మూడూ ఉన్న నగరంలోనే రాత్రిపూట మనుషుల్ని దించారు. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మురుగు చావులకు నష్టపరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చావు ధర పెరిగింది. దించడం ఆగలేదు.

ఇది కులం కాదు, పేదరికం అనేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం లెక్కే జవాబు. మురుగు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే 38 వేలమంది వివరాలు సేకరిస్తే అందులో 68.9 శాతం షెడ్యూల్డ్ కులాలవాళ్ళేనని 2024లో బయటికి వచ్చింది. ఈ దేశంలో పేదలు అన్ని కులాల్లో ఉన్నారు. మ్యాన్‌హోల్ దగ్గర మాత్రం అన్ని కులాలూ లేవు.

కాబట్టి మనం అడగాల్సినవి రెండు. మనిషి చెయ్యక తప్పని పనికి, అంటే వార్డు కడగడానికి, ఇల్లిల్లూ తిరగడానికి, చెత్త ఎత్తడానికి, సరైన కొలతలో, సరైన నాణ్యతలో పరికరాలు, చినిగితే వెంటనే మారు జత. మనిషి అసలు చెయ్యకూడని పనికి పరికరం కాదు, ఆ పని రద్దు. ఈ రెంటినీ కలిపేస్తే గంబూట్లు ఇచ్చి మురుగులోకి దించే ప్రభుత్వానికి మనమే దారి చూపించినవాళ్ళమవుతాం.

లెక్కలో లేని చావులు

2020 సెప్టెంబరులో పార్లమెంటులో, కరోనాతో చనిపోయిన వైద్య సిబ్బంది లెక్క కేంద్రం దగ్గర లేదని మంత్రి చెప్పాడు. భారత వైద్య సంఘం కోపంతో 382 మంది డాక్టర్ల పేర్లతో జాబితా విడుదల చేసింది. మంచి పని చేసింది. డాక్టర్లకు సంఘం ఉంది, సంఘానికి పేర్లు రాసిపెట్టే అలవాటు ఉంది. ఊడ్చేవాళ్ళ పేర్లు, శవాలు మూటకట్టినవాళ్ళ పేర్లు, ఆశాల పేర్లు ఏ జాబితాలో వెతకాలి? బొంబాయి చావులను తెల్లదొరలు కులాలవారీగా రాశారు కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా మనం మాట్లాడుకోగలుగుతున్నాం. స్వతంత్ర దేశం కరోనా చావులను ఆ విధంగా రాయలేదు. రాయకపోవడం కూడా ఒక రాత.

2020 అక్టోబరులో వాన పడి సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వైపు కాలనీలు నీళ్ళల్లో మునిగినప్పుడు, ఆ బురద ఎత్తిందీ ఈ మనుషులే. కరోనా, వరద ఒకేసారి వచ్చాయి. నవంబరులో నగర పారిశుధ్య కార్మికుల జీతం 14,500 నుంచి 17,500 రూపాయలైంది. 2021 మేలో ఇంటింటికీ జ్వరం సర్వే మొదలైనప్పుడు మళ్ళీ గడపలు ఎక్కింది ఆశాలే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ప్రకటించింది. ఇవన్నీ పేపర్లలో ఉన్నాయి. ఎవరికి ఏ తేదీన ఎన్ని మాస్కులు అందాయన్నది మాత్రం పేపర్లలో లేదు. అది స్టాకు రిజిస్టర్లలో ఉంటుంది.

మన ముందున్న పని అక్కడే మొదలవుతుంది. విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద 2020, 2021 సంవత్సరాల స్టాకు రిజిస్టర్లు, ఇండెంట్లు అడగాలి. ఆస్పత్రుల్లో, మున్సిపల్ సర్కిళ్ళలో ఏ హోదావాళ్ళకు ఎన్ని ఎన్-95లు, ఎన్ని గుడ్డ మాస్కులు, ఏ కొలత గ్లౌజులు ఇచ్చారో రాసి పెట్టాలి. దానికి పక్కన బస్తీల్లో మన అమ్మలు, అక్కలు చెప్పే మాటలను, తేదీలతో, వాళ్ళ భాషలోనే రికార్డు చెయ్యాలి. రిజిస్టరు ఒకటి చెప్తుంది, అమ్మ ఇంకొకటి చెప్తుంది. రెండింటి మధ్య ఉన్న తేడానే మన చరిత్ర. టీచర్లు దీన్ని పిల్లలకు పాఠంగా చెప్పాలి. ఇంకో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చేనాటికి మన చేతిలో లెక్క ఉండాలి.

నేను సరూర్‌నగర్ నుంచి మొదలుపెట్టాను. మొదటి వాంగ్మూలం మా అమ్మదే. రాయడం అయిపోయాక, "ఇది ఎవలకు సూపిస్తవ్?" అని అడిగింది. చదువుకునేవాళ్ళకు అన్నాను. "సూపర్‌వైజర్‌కు గూడ సూపియ్యి. నా చేతి కొలత గండ్ల రాయి" అన్నది. రాశాను.